ఏలింది మనవాళ్ళేనంటే సరిపోతుందా?

మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండు మూడు సార్లయినా ఒక జాబితా తిరుగుతుంది. ఉగాదికి ఒకసారి, ఎన్నికలప్పుడు ఒకసారి తప్పదు. మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన తెలుగువాళ్ళ జాబితా అది. కడలూరు సుబ్బరాయలు రెడ్డియార్, కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా, తిరుత్తణి వైపు మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా, కూర్మా వెంకటరెడ్డి నాయుడు, టంగుటూరి ప్రకాశం పంతులు, ఓమందూరు రామస్వామి రెడ్డియార్, రాజపాళయం కుమారస్వామి రాజా. చివర పెద్ద అక్షరాలతో "ఏలింది మనవాళ్ళే" అని ఉంటుంది. దాని కింద దండాల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి.

జాబితాలో తప్పేమీ లేదు. తమిళనాడులో నాలుగైదు వందల ఏళ్ళుగా ఉంటూ, బడిలో తమిళం చదివి, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునే మనకి అలాంటి జాబితా చూస్తే ఛాతీ కొంచెం పొంగుతుంది. పొంగనీయండి. నా అభ్యంతరం వేరే. ఆ జాబితా పేర్ల దగ్గరే ఆగిపోతుంది. ఏలి ఏం చేశారు? ఎవరికి చేశారు? చేసినవాళ్ళని జనం ఎందుకు దించేశారు? ఈ మూడు ప్రశ్నలూ అడగకుండా పేర్లు చదువుకోవడం పెళ్ళిపత్రికలో బంధువుల పేర్లు చదువుకోవడం లాంటిది.

నా మటుకు ఈ మూడో ప్రశ్నే ముఖ్యం. ఎందుకంటే వాళ్ళని దించిన కారణాల్లో ఒకటి, మనం ఈ రోజు గొప్పగా చెప్పుకునే ఆ "మనవాళ్ళే" అన్న మాటలోనే ఉంది.

ముందు కథ

1916 నవంబరులో మద్రాసులో పిట్టి త్యాగరాయ చెట్టి, డాక్టర్ టి.ఎం. నాయర్ మొదలైన పెద్దలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. డిసెంబరులో బ్రాహ్మణేతరుల ప్రకటన అని ఒకటి వెలువరించారు. త్యాగరాయ చెట్టిగారు తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబం నుంచి వచ్చినవారు. సంఘానికి మూడు పత్రికలు ఉండేవి. ఇంగ్లీషులో "జస్టిస్", తమిళంలో "ద్రావిడన్", తెలుగులో "ఆంధ్రప్రకాశిక". ఇంగ్లీషు పత్రిక పేరే జనం నోట పార్టీ పేరైపోయింది. అదే జస్టిస్ పార్టీ.

ఆ ప్రకటన చెప్పిన లెక్క ఒక్కటి చూడండి. రాజధానిలో ఖాయం పోస్టుల్లో ఉన్న జిల్లా మునసబులు 128 మంది. అందులో బ్రాహ్మణులు 93 మంది. జనాభాలో చూస్తే వాళ్ళు నూటికి ముగ్గురో, కొంచెం ఎక్కువో. ఈ చదువరుల్లో తెలుగు, కన్నడ బ్రాహ్మణ కుటుంబాలవాళ్ళూ ఉన్నారు, నాకు తెలుసు. ఇది ఎవరి మీదా నేరారోపణ కాదు, ఒక రాష్ట్రంలో కోర్టులూ కచేరీలూ ఎవరి చేతిలో ఉన్నాయన్న లెక్క. రైతు, నేతగాడు, కుమ్మరి, మాలమాదిగలు, వీళ్ళెవరి పిల్లవాడూ ఆ మెట్లెక్కే దారి అప్పటికి లేదు.

1919 చట్టంతో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు లాంటివి మంత్రుల చేతికి వచ్చాయి. ఖజానా, పోలీసు, భూమి శిస్తు మాత్రం గవర్నరు పక్షాన ఉండిపోయాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది. 1920 చివర జరిగిన ఎన్నికల్ని కాంగ్రెసు బహిష్కరించింది. 98 స్థానాల్లో జస్టిస్ పార్టీకి 63 వచ్చాయి. ఓటు హక్కు మాత్రం ఆస్తి ఉన్నవాళ్ళకే. నాలుగు కోట్ల జనంలో ఓటర్లు పన్నెండున్నర లక్షలు.

గవర్నరు మంత్రివర్గం ఏర్పాటు చేయమంటే త్యాగరాయ చెట్టిగారు నాకొద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆరోగ్యం బాగోక 1921 జులైలో దిగిపోయారు. ఆయన స్థానంలో పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, వచ్చి 1926 చివరి దాకా నడిపారు. చీరలు కొనడానికి టీ.నగర్ వెళ్ళినవాళ్ళందరికీ పానగల్ పార్కు తెలుసు. ఆ పేటకి త్యాగరాయనగర్ అన్న పేరు ఎవరి పేరు మీద వచ్చిందో, పక్కనున్న తణికాచలం రోడ్డు, నటేశన్ పార్కు, ఉస్మాన్ రోడ్డు ఎవరివో చాలామందికి తెలియదు. ఆ పేటంతా ఆ పార్టీ హాజరుపట్టీ లాంటిది.

ఏం చేశారు?

చేసిన పనులు చెప్పుకుందాం. వీటిలో చాలా వాటి నీడలో మనం ఈ రోజుకీ బతుకుతున్నాం.

1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇస్తూ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియాలో ఆ పని మొదట చేసిన రాష్ట్రం ఇదే. ఆస్తి షరతు అలాగే ఉంది కాబట్టి ఓటు వచ్చిన ఆడవాళ్ళు కొద్దిమందే. అయినా ఆడది అన్న ఒక్క కారణంతో ఓటు లేకుండా చేసే అడ్డు పోయింది. అయిదారేళ్ళు తిరగకుండానే డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి అదే మండలిలో ఉపాధ్యక్షురాలిగా కూర్చున్నారు.

1921 సెప్టెంబరు 16న మొదటి కమ్యూనల్ జీవో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎవరెవరు ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి, ఇక మీదట అన్ని వర్గాలకీ వంతు చూడండి అన్నది దాని సారం. 1922 ఆగస్టులో ఇంకో జీవో. 1924లో ఉద్యోగుల ఎంపికకి ఒక బోర్డు. అప్పటిదాకా ఆఫీసులో పెద్ద గుమాస్తా మేనల్లుడికి ఉద్యోగం రావడం మామూలు. ఇక మీదట కాగితం మీద లెక్క చూపించాలి. ఈ రోజు మనకిది చిన్న విషయంలా కనిపించవచ్చు. ఆ రోజు మద్రాసు పత్రికల్లో దాని మీద జరిగిన గొడవ అంతా ఇంతా కాదు.

1922లోనే, ఎం.సి. రాజా శాసనమండలిలో పట్టుబట్టిన మీదట, ప్రభుత్వ కాగితాల్లో "పంచమ", "పరయ" అన్న మాటలు తీసేసి ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు వచ్చింది. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం మీద బాటలు, బావులు, సత్రాలు అందరివీ అని మండలి ఒప్పుకుంది. ఊళ్ళో బావి దగ్గర ఆ మాట అమలు కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మన ఊళ్ళ సంగతి మనకే తెలుసు.

దేవాలయాల చట్టం ఇంకొకటి. 1922లో బిల్లు పెట్టారు, 1925లో చట్టమైంది, దాన్ని సవాలు చేస్తే 1927లో మళ్ళీ కొత్తగా వచ్చింది. గుడి మాన్యాల ఆదాయం ఎంత, ఖర్చు ఎంత, మిగులు ఎక్కడికి పోతోంది, ఈ లెక్క ఒక బోర్డుకి చూపించాలన్నారు. మన కుటుంబాల్లో చాలామందికి ఏదో ఒక గుళ్ళో కట్టళై ఉంది. నాయకరాజుల కాలంలోనో, తర్వాతో పెద్దలు నేల రాసిచ్చారు. ఆ నేలమీద పంట ఎవరు తింటున్నారో రాసిచ్చినవాళ్ళ మనుమలకే తెలియని రోజులవి. "గుడి జోలికొచ్చారు" అని ఆనాడు కేకలు పెట్టిన ధర్మకర్తల్లో మన తెలుగువాళ్ళు లేరనుకోకండి. దేవుడి సొమ్ముకి లెక్క అడగడం దేవుణ్ణి అవమానించడం కాదు. ఆ బోర్డు తర్వాత ప్రభుత్వ శాఖగా మారింది. ఆ శాఖ ఇప్పుడు చేసే పనులన్నీ బాగున్నాయని నేను అనను. లెక్క అడగవలసిన అవసరం మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

వీటికి ముందే, 1920లో, త్యాగరాయ చెట్టిగారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టించారు. ఒక్కో పిల్లకి రోజుకి అణా మించకూడదని లెక్క. తర్వాత కామరాజరు కాలంలో, ఎంజీఆర్ కాలంలో రాష్ట్రమంతా పాకిన మధ్యాహ్న భోజనానికి మొదటి పొయ్యి అక్కడ వెలిగింది.

అటు ఆంధ్ర జిల్లాలకి కూడా చేశారు. విద్యామంత్రి ఎ.పి. పాత్రో బరంపురం మనిషి. ఒడిశాలో ఉన్న మన చదువరులు ఈ పేరు తప్పక గుర్తుంచుకోవాలి. ఆయన తెచ్చిన బిల్లుతోనే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది.

దించారు, ఎందుకు?

ఇన్ని చేసిన ప్రభుత్వాన్ని జనం నెత్తిన పెట్టుకోవాలి కదా? పెట్టుకోలేదు. 1923లో స్థానాలు 63 నుంచి 44కి పడ్డాయి. ఆ నవంబరులోనే పానగల్ రాజా మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. పెట్టినది పరాయివాడు కాదు, పార్టీలోంచి బయటికొచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి. 65 ఓట్లకి 44 ఓట్లతో ప్రభుత్వం గట్టెక్కింది. 1926లో గట్టెక్కలేదు. స్వరాజ్య పార్టీకి 41, జస్టిస్ పార్టీకి 21. 1930లో మళ్ళీ వచ్చారు. 1937లో వచ్చిన దెబ్బకి ఇక లేవలేదు. 215 స్థానాల్లో కాంగ్రెసు 159 తీసుకుంది. బొబ్బిలి రాజా తన బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, ఆయన ఇంట్లోనే ఓడారు. గిరిగారు కూడా బరంపురంలో పుట్టిన తెలుగువారే. అంటే ఏలినదీ మనవాళ్ళే, దించినదీ మనవాళ్ళే. మన జాబితా రాసేవాళ్ళు ఈ రెండో సగం రాయరు.

స్వరాజ్య ఉద్యమం గాలి బలంగా ఉంది, గాంధీగారి పేరు ముందు ఎవరూ నిలబడలేకపోయారు అని సులువుగా చెప్పేయవచ్చు. అది నిజమే. తెల్లవాళ్ళ గవర్నరు పక్కన కూర్చున్న పార్టీకి ఆ గాలిలో దీపం నిలవడం కష్టం. కానీ నూనె కూడా తక్కువైంది. మూడు చోట్ల తక్కువైందని నా అభిప్రాయం.

మొదటిది, మనం గొప్పగా చెప్పుకునేదే. సుబ్బరాయలు రెడ్డియార్ దిగిపోయాక మంత్రివర్గంలో ఉన్నది పానగల్ రాజా, వెంకటరెడ్డి నాయుడు, పాత్రో. ముగ్గురూ తమిళులు కారు. రాష్ట్రంలో తమిళ జిల్లాలు చాలానే ఉన్నాయి. పార్టీకి పునాది వేసినవాళ్ళలో నటేశ ముదలియార్ లాంటి తమిళులు ముందువరసలో ఉన్నవారు. "అన్ని కులాలకీ వంతు" అని అరిచే పార్టీ తన మంత్రివర్గంలో తమిళులకి వంతు ఇవ్వలేదు. 1923 ఎన్నికల తర్వాత శివజ్ఞానం పిళ్ళైని తీసుకుని దిద్దుకోవాలని చూశారు, అప్పటికే పార్టీ చీలింది. ఆలోచించండి. ఈ రోజు మనం "మంత్రివర్గమంతా మనవాళ్ళే" అని ఫార్వర్డ్ చేసే మాటని ఆ రోజు తమిళ సభ్యులు ఫిర్యాదుగా చెప్పారు. వాళ్ళు చెప్పినదే న్యాయం.

రెండోది, రైతు. శిస్తు గవర్నరు చేతిలో ఉందని ముందే చెప్పాను. తగ్గించే అధికారం మంత్రులకి నిజంగానే లేదు. కానీ గట్టిగా అడిగే నోరు ఉందిగా? 1930 తర్వాత మాంద్యంలో పంట ధరలు కూలిపోయాయి. అప్పులు కట్టలేక నేలలు పోయాయి. అప్పుడు పార్టీ పగ్గాలు జమీందారుల చేతిలో ఉన్నాయి. 1936లో ఇనాం గ్రామాల్లో సాగుచేసే రైతుకి హక్కు ఇస్తూ చట్టం తెచ్చారు. మంచి చట్టం. జమీందారీ గ్రామాల్లో రైతు మాటేమిటి అంటే జవాబు లేదు. ఎదుటివాడి ఇనాం మీద సంస్కరణ, మన జమీ మీద మౌనం. రైతు చదువుకోకపోయినా ఈ తేడా చదవగలడు. పైగా మంత్రి జీతం నెలకి రూ. 4,333. తర్వాత వచ్చిన కాంగ్రెసు మంత్రులు రూ. 500 చాలన్నారు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఊరూరా చెబితే ఇంక వేరే ప్రచారం అక్కర్లేదు.

మూడోదీ, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనదీ, ఆదిద్రావిడుల సంగతి. 1921లో మద్రాసు బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లుల్లో సమ్మె జరిగింది. ఆదిద్రావిడ కార్మికుల్లో చాలామంది సమ్మెలోంచి పనికి తిరిగి వెళ్ళారు. పుళియంతోపులో గుడిసెలు కాలాయి, కొట్లాటలు, కాల్పులు జరిగాయి. ఆ సమయంలో జస్టిస్ నాయకులు సవర్ణ కార్మికుల పక్షం తీసుకున్నారు. ప్రభుత్వ కార్మిక శాఖ ఆదిద్రావిడుల్ని నెత్తికెక్కించుకుంటోందని వాళ్ళ పత్రికే రాసింది. కాగితం మీద గౌరవమైన పేరిచ్చిన చేత్తోనే, వీధిలో నిప్పంటుకున్నప్పుడు వేలు చూపించారు. 1923లో ఎం.సి. రాజా తన మనుషులతో పార్టీ వదిలి వెళ్ళిపోయారు. బ్రాహ్మణేతరులందరికీ అని మొదలైన పార్టీ, నిజంలో భూమీ వ్యాపారమూ ఉన్న బ్రాహ్మణేతరుల దగ్గర ఆగిపోయింది. దీపం కింద చీకటి అంటారే, అది.

అందుకే ఆ ప్రభుత్వాన్ని దించడం అన్యాయమని నేను అనుకోను. మంచి చట్టాలు చేసినంత మాత్రాన కుర్చీ మీద శాశ్వత హక్కు రాదు. దించే అధికారం జనానికి ఉండాలి. నిజానికి ఆ ఓటు ఇంకా ఎక్కువమంది చేతిలో, తిండికి లేనివాళ్ళ చేతిలో, ముందే ఉండి ఉంటే ఇంకా ముందే దించేవారు, లేదా వాళ్ళు ఇంకా ముందే మారేవారు.

ప్రభుత్వం పోయింది, పని మిగిలింది

ఇక్కడే నాకు ఆశ కలిగించే సంగతి ఉంది. పానగల్ రాజా దిగిపోయారు, 1928 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన కమ్యూనల్ జీవో ఆయన ఉన్నప్పుడు సరిగ్గా అమలే కాలేదు. అమలయ్యింది ఆయన్ని దించాక వచ్చిన సుబ్బరాయన్ మంత్రివర్గంలో. 1927-28లో, మంత్రి ముత్తయ్య ముదలియార్ చొరవతో, ప్రతి 12 ఉద్యోగాలకి బ్రాహ్మణేతర హిందువులకి 5, బ్రాహ్మణులకి 2, ముస్లింలకి 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకి 2, అణగారిన కులాలకి 1 అని వంతు ఖాయమైంది. 1924 నాటి ఎంపిక బోర్డు దారిలోనే 1929లో మద్రాసు సర్వీస్ కమిషన్ వచ్చింది. రాష్ట్రాల్లో అలాంటి కమిషన్ అదే మొదటిది. అవిశ్వాసం పెట్టిన కట్టమంచి రామలింగారెడ్డి అప్పటికే వాళ్ళ ప్రభుత్వం పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడై కూర్చున్నారు.

1947లో కాంగ్రెసు ముఖ్యమంత్రి ఓమందూరు రెడ్డియార్ ఆ 12ని 14 చేసి, వెనకబడిన హిందువులకి విడిగా 2 పెట్టారు. "ఇన్నాళ్ళూ బ్రాహ్మణేతరుల వంతు అని ఇచ్చినది పై కులాలే తిన్నాయి, కింద ఉన్నవాళ్ళకి విడిగా తీయండి" అన్న మాటకి అది జవాబు. అదే ఏడు దేవదాసీ అర్పణ నిషేధ చట్టం, ఆలయ ప్రవేశ చట్టం ఆయన హయాంలోనే వచ్చాయి. ఆయన్ని దించినది జనం కాదు, సొంత పార్టీ. 1949 ఏప్రిల్లో ఆయన తప్పుకున్నారు, కుమారస్వామి రాజా వచ్చారు. ఓమందూరు రెడ్డియార్ వడలూరు వెళ్ళి రామలింగ స్వామి సేవలో మిగతా జీవితం గడిపారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కమ్యూనల్ జీవో చెల్లదంది. వెంటనే అదే ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వెనకబడినవాళ్ళకి ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని రాసుకున్నారు. మద్రాసు కచేరీలో మొదలైన ఒక జీవో దేశ రాజ్యాంగంలో అక్షరమై కూర్చుంది. దించినవాళ్ళే కొనసాగించక తప్పని పని చేయడం, అంతకన్నా ఒక ప్రభుత్వానికి ఏం కావాలి?

మన లెక్కలో ఎవరున్నారు?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇదంతా రాసింది దీని కోసమే.

మన సంఘాల్లో "తమిళనాట తెలుగువాళ్ళు" అనగానే చెప్పే పేర్లు ఏవి? నాయుళ్ళు, రెడ్డియార్లు, రాజులు, చెట్లు, దేవాంగులు. సరే. కోయంబత్తూరు, ఈరోడ్, సేలం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతియర్లు లక్షల్లో ఉన్నారు. తోలుపని, పొలంపని, ఊళ్ళ పారిశుద్ధ్యం పని తరతరాలుగా వాళ్ళ మీదే పడింది. మనలాగే వాళ్ళ పిల్లలూ బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. మన తెలుగులో లేని పాత మాటలు వాళ్ళ నోట ఇంకా ఉన్నాయి. మన ఉగాది కూటమికి వాళ్ళలో ఎంతమందిని పిలిచాం? వేదిక మీద కుర్చీ ఎంతమందికి వేశాం? కూటమి అయ్యాక హాలు ఊడ్చినవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారేమో ఎప్పుడైనా పలకరించి చూశామా?

2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాలకి ఉన్న 18 శాతంలో 3 శాతం అరుంధతియర్లకి విడిగా ఇస్తూ చట్టం చేసింది. దాని మీద కోర్టులో ఏళ్ళ తరబడి వాదం నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి విభజన చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఓమందూరు రెడ్డియార్ 12ని 14 చేసినప్పటి తర్కమే ఇది. వంతు ఇచ్చాక, ఆ వంతులో అందరికంటే కింద ఉన్నవాడికి ఏమందింది అని మళ్ళీ అడగాలి. తెలుగు మాట్లాడే ఒక సమాజానికి వచ్చిన ఇంత పెద్ద తీర్పు మన గ్రూపుల్లో ఎంతమంది పంచుకున్నారు? నేను ఉన్న గ్రూపుల్లో ఒక్కరూ కాదు. అదే వారం ముఖ్యమంత్రుల జాబితా మాత్రం రెండుసార్లు వచ్చింది.

కొందరు పెద్దలు అంటారు, "ఇవన్నీ రాజకీయం, మనకెందుకు? మన భాష, మన సంప్రదాయం కాపాడుకుంటే చాలు" అని. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఇంకొకరి రాష్ట్రంలో ఉన్నవాళ్ళం, తల వంచుకుని ఉండాలన్న జాగ్రత్త మనకి ఉగ్గుపాలతో వచ్చింది. కానీ భాషని కాపాడేది సంఖ్య. బడిలో తెలుగు సెక్షను అడగాలంటే పిల్లల లెక్క కావాలి, జనాభా లెక్కల్లో మాతృభాష తెలుగు అని రాసేవాళ్ళు కావాలి. ఆ లెక్కకి మాత్రం అరుంధతియర్ల పిల్లలు కావాలి, మన పెళ్ళి పందిట్లో మాత్రం అక్కర్లేదంటే కుదరదు. జస్టిస్ పార్టీ చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. మంది కావాల్సినప్పుడు "బ్రాహ్మణేతరులందరూ", పంపకం దగ్గరికొచ్చేసరికి "మేము".

జాబితా పంపడం మానేయమని నేను అనను. పంపండి. పంపేటప్పుడు ప్రతి పేరు పక్కనా రెండు మాటలు చేర్చండి. ఆయన ఎవరికి తలుపు తీశాడు, ఎవరి ముందు వేశాడు. పానగల్ రాజా పక్కన కమ్యూనల్ జీవో రాయండి, పుళియంతోపు కూడా రాయండి. బొబ్బిలి రాజా పక్కన ఇనాం రైతుల చట్టం రాయండి, జమీ రైతుల మీద మౌనమూ రాయండి. ఓమందూరు రెడ్డియార్ పక్కన 14లో 2 అని రాయండి. పిల్లలు చదివినప్పుడు వాళ్ళకి మనుషులు కనిపిస్తారు, వట్టి బిరుదులు కాదు.

ఇంకొక్క మాట. వచ్చే ఉగాదికి మీ ఊళ్ళో సంఘం కూడినప్పుడు పిలుపుల చిట్టా ఎవరు రాస్తున్నారో అడగండి. కలం మీ చేతిలోకి తీసుకోండి. మన వీధి దాటి, ఊరి చివర దాకా, తెలుగు వినిపించే ప్రతి గడపా అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పేర్లు మీరే రాయండి, పిలవడానికి కూడా మీరే వెళ్ళండి.